పద్నాలుగో వరుస, అరవై రెండో సమాధి

ఆ పెద్దాసుపత్రిలో రోగులకు కనిపించే గదులు కొన్ని, కనిపించనివి కొన్ని. కనిపించని వాటిలో కుట్టుగది ఒకటి. బట్టలుతికే చోటుకీ, స్టోరుకీ మధ్య ఇరుక్కొని, పైనెక్కడో ఒక్క కిటికీతో ఉంటుంది. నాలుగు మిషన్లు. కిటికీ కిందున్న మిషను దారమక్కది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. జుట్టుకో, భుజానికో, మోచేతికో ఎప్పుడూ ఒక దారప్పోగు అంటుకొని ఉండేదని నర్సులు పెట్టిన పేరు అది. చివరికి ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక క్షణం ఆలస్యంగా తిరిగి చూసేది.

చిరిగినవాటిని ఇంకొన్నాళ్ళు పనికొచ్చేలా చెయ్యడం ఆమె ఉద్యోగం. మంచం మీది దుప్పటి ముందు నడిమధ్యన అరుగుతుంది, రోగి వీపు ఆనేచోట. అలాంటిదాన్ని ఆమె నిలువునా రెండుగా చించి, గట్టిగా ఉన్న అంచులు రెండూ మధ్యకు తెచ్చి కలిపి కుట్టి, అరిగిన భాగాన్ని పక్కలకు పంపేది. వీపుకు ఒత్తుకోకుండా ఆ అతుకు ఎంత పలచగా వేసేదంటే, చేత్తో తడిమి చూసినా తెలిసేది కాదు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. చూపుడువేలూ, బొటనవేలూ సూది పోట్లకు, దారం రాపిడికి కాయలు కాసి, మిగతా వేళ్ళ కొసలు కూడా గాజులా నున్నగా అరిగిపోయాయి.

ఆ ఉత్తరం ఆసుపత్రి చిరునామాకే వచ్చింది. స్టోరు పెద్దాయన దాన్ని పట్టుకొని తనే నడిచొచ్చాడు. దుప్పట్లకూ, తలగడ గలీబులకూ, రోగుల చొక్కాలకూ ఆయనదే పెత్తనం. రిటైరవడానికి ఏడాది ఉంది. దారమక్కకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆయనకింకా ‘అమ్మాయే’. ఆమెకు ఆయన ‘బాబాయ్’.

“ఏ దేశానిదో అమ్మాయ్ ఈ స్టాంపు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.”

స్టాంపు చూడగానే మిషను చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ దేశం స్టాంపు ఆమెకు తెలుసు. పదేళ్ళ కిందట నెలకొకటి వచ్చేది.

ఆమె భర్త వెల్డరు. ఓడలు కట్టే కంపెనీలో రెండేళ్ళ ఒప్పందం మీద సముద్రాలు దాటి వెళ్ళాడు. అద్దె ఇల్లు ఒదిలి ఒక సొంత గది వేసుకోవాలని ఇద్దరి ఆశ. పిల్లలు లేరు. పద్నాలుగో నెలలో ఊపిరితిత్తులకు నెమ్ము చేరి, ఆసుపత్రిలో పడి, ఐదో రోజున పోయాడు. కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. మనిషిని ఇక్కడికి పంపాలంటే ఇంత ఖర్చు, అందులో సగం మీరు పెట్టుకోవాలి, లేదంటే ఇక్కడే మర్యాదగా పూడ్చి పెడతాం, రేపు మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పండి అన్నారు. ఆ సగం ఆమె నాలుగేళ్ళ జీతం. ఆ రాత్రి, ఆ మర్నాటి ఉదయం ఆమె అడగని గుమ్మం లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఐదు నిమిషాల ముందు, స్టోరు గదిలోనే, పెద్దాయన బల్ల మీద, అక్కడే పూడ్చడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టింది.

ఆమె మరిది అప్పుడు లారీ మీద దూరప్రయాణంలో ఉన్నాడు. మూడు రోజుల తర్వాత వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “నన్నొక్క మాట అడక్కుండా మా అన్నయ్యను పరాయిమట్టికి రాసిచ్చేశావా వదినా?” అన్నాడు. అంతే, మళ్ళీ మాట్లాడలేదు. తర్వాత లారీ మానేసి అదే ఊళ్ళో టైర్ల షాపు పెట్టుకున్నాడు. దారిలో ఎదురుపడినా తల తిప్పుకుపోయేవాడు. పదేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఉత్తరాన్ని చదివిపెట్టింది పక్కవీధి టీచరమ్మ. మూడు పరాయిభాషలు నేర్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు సర్దుకొని మొదట లోలోపల చదువుకుంది. తర్వాత దాన్ని మడిచి, మళ్ళీ విప్పింది.

“చెప్పండి టీచరుగారూ. చెడ్డవార్తలన్నీ ఎప్పుడో అయిపోయాయిగా నాకు,” అంది దారమక్క.

“అది శ్మశానం ఆఫీసువాళ్ళు రాసిన ఉత్తరమమ్మా. వాళ్ళ ఊళ్ళో సమాధి స్థలం శాశ్వతం కాదట. పదేళ్ళకే ఇస్తారట. పద్నాలుగో వరుస, అరవై రెండో సమాధి. ఆ వరుసకు ఇంకో ఆరు నెలల్లో గడువు తీరిపోతుందట.”

“తీరిపోతే?”

“ఇంకో పదేళ్ళకు డబ్బు కట్టొచ్చు.” టీచరమ్మ ఆ మొత్తం చెప్పింది. దారమక్క ఊరికే తలూపింది, ఆ మాట తన గురించి కాదన్నట్టు. “కట్టకపోతే ఆ రోజు తవ్వి, ఎముకల్ని చిన్న పెట్టెలో పెడతారు. దగ్గరి బంధువు స్వయంగా వచ్చి సంతకం చేస్తే ఆ పెట్టె ఇచ్చేస్తారు. పోస్టులో పంపరు. ముప్పై రోజులు చూస్తారు. ఎవరూ రాకపోతే అందరినీ కలిపి ఉంచే నేలమాళిగలోకి చేరుస్తారు.”

“ఇచ్చేస్తారా?” అంది దారమక్క. “ఇంటికి తెచ్చుకోవచ్చా?”

“తెచ్చుకోవచ్చనే రాశారు.”

“పెట్టె ఎంతుంటుందండీ?”

టీచరమ్మ రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించింది. ఒళ్ళో పెట్టుకొని కూచోగలిగేంత.

ఆ సాయంత్రం నుంచి దారమక్క మారిపోయింది. పదేళ్ళ కిందట నాలుగేళ్ళ జీతం పోస్తే గానీ రాలేకపోయినవాడు, ఇప్పుడు ఒళ్ళో పట్టేంత పెట్టెలో వస్తానంటున్నాడు. ఆమె దాచుకున్నది పెద్ద మొత్తమేమీ కాదు గానీ, ఒక మనిషి వెళ్ళి రావడానికి సరిపోతుంది. ఇన్నాళ్ళకు ఆ డబ్బుకో పని దొరికింది. వెళ్ళి తెచ్చేసుకుంటాను, అంతేగా అనుకుంది. అంతే కాదని అప్పటికి ఆమెకు తెలియదు.

పాస్‌పోర్టుకే రెండు నెలలు పట్టింది. బడి సర్టిఫికెట్లో పేరు ఒకలా, పెళ్ళి కాగితంలో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయించుకొచ్చాక గానీ కదల్లేదు. ఫొటో మూడుసార్లు తీయించుకోవాల్సొచ్చింది. మొదటిదాంట్లో చెవులు కనబడలేదు, రెండోదాంట్లో వెనక గోడ తెల్లగా లేదు. మూడోసారి ఫొటోగ్రాఫరు “నవ్వకూడదమ్మా,” అంటే “నేను నవ్వడం లేదు బాబూ, నా మొహమే అంత,” అంది.

వీసా పనులు చేసిపెట్టే ఏజెంటు ఆఫీసు బస్టాండు మేడ మీద ఉంది. గోడల నిండా మంచుకొండలు, వంతెనలు, నవ్వుతున్న జంటలు. అతను ఆమె కథంతా విని పెన్ను మూత తీశాడు.

“టూరిజం అని రాసేద్దాం. ఐదు రోజులు ఊరు చూడ్డానికి వెళ్తున్నారు. గొడవ లేకుండా పోతుంది.”

“నేను చూడబోయేది ఊరు కాదుగా.”

“నిజమే. కానీ ఫారంలో ఆ గడి లేదమ్మా. చదువు, ఉద్యోగం, వ్యాపారం, విహారం, బంధువుల్ని కలవడం. ఈ ఐదే.”

“బంధువుల్ని కలవడమని రాయండి.”

అతను ఆమె మొహం చూసి, వాదన పెట్టుకోకుండా ఆ గడిలోనే టిక్కు పెట్టాడు. కింద ఇంకో గడి ఉంది. కలవబోయే బంధువు పూర్తిపేరు, చిరునామా, ఫోన్ నంబరు. పేరు రాశాడు. చిరునామాలో శ్మశానం ఉన్న వీధి రాశాడు. ఫోన్ నంబరు దగ్గర పెన్ను పైకెత్తి, ఏం చెయ్యాలో తోచక ఒక గీత గీశాడు.

బ్యాంకు కాగితాలు, జీతం కాగితాలు, సెలవు మంజూరైన కాగితం, ప్రయాణ బీమా, దిగబోయే చోటు బుకింగు. బీమాకి ఎంతైందో వినగానే ఆమె, “నేను బతికే ఉంటాను కదండీ, ఎందుకూ?” అంది. ఏజెంటు నవ్వబోయి ఆపుకున్నాడు. వీసా రుసుము వేరు, దరఖాస్తు తీసుకునే వీసా కేంద్రంవాళ్ళ సేవారుసుము వేరు, ఏజెంటుది వేరు. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా కట్టిన రుసుము తిరిగి రాదు. ఆ వీసా కేంద్రం వేరే నగరంలో ఉంది. రైల్లో ఏడు గంటల ప్రయాణం.

అక్కడ అద్దం వెనక కూర్చున్న అధికారి కుర్రవాడే. మర్యాదగానే మాట్లాడాడు.

“అక్కడ మీవాళ్ళెవరున్నారమ్మా?”

“మా ఆయనండీ.”

“ఆయనది ఏ రకం వీసా?”

“ఆయన పోయారండీ.”

“ఎక్కడికి?”

 అతను కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, అర్థమై, చూపు కిందికి దించుకున్నాడు. ఫారంలో తర్వాతి ప్రశ్న అడిగాడు.

“ఇక్కడ మీకెవరున్నారు? పిల్లలు? ఆస్తులు?”

“ఎవరూ లేరండీ. ఏమీ లేవు.”

నిజమే చెప్పింది. నిజం చెప్తే పనవుతుందని ఆమె నమ్మకం.

మూడు వారాలకు కవరొచ్చింది. పాస్‌పోర్టులో మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పి చూసింది. అన్నీ ఖాళీ. లోపల ఒక అచ్చుకాగితం. అందులో పది కారణాలు, రెండింటి పక్కన టిక్కులు. మొదటిది, ప్రయాణ ఉద్దేశం రుజువు కాలేదు. రెండోది, గడువులోగా స్వదేశానికి తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు.

రెండో వాక్యాన్ని టీచరమ్మ చేత మళ్ళీ చదివించుకుంది. మర్నాడు స్టోరు గదిలో పెద్దాయన బల్ల ముందు నిలబడి, “నేను ఎక్కడికి పోతాననుకున్నారు బాబాయ్?” అని అడిగింది. అది కోపం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పెద్దాయన ఉతికొచ్చిన గలీబుల కట్టను విప్పి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలెట్టాడు. కళ్ళెత్తితే ఏడుపొస్తుందని ఆయన భయం.

రెండోసారి దరఖాస్తు వెయ్యాలని నిశ్చయించుకున్నారు. ఈసారి టీచరమ్మ నడుం కట్టింది. శ్మశానం ఆఫీసుకు పెద్ద ఉత్తరం రాసింది. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. అక్కడి గుమాస్తా ఒక పెద్దావిడట. చట్టప్రకారం విదేశీయులను ఆహ్వానించే ఫారం తనే నింపి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేసి పంపింది. ఆహ్వానించేవారికీ దరఖాస్తుదారుకీ ఉన్న సంబంధం అన్నచోట ఇలా రాసింది: ‘ఆమె భర్త సమాధిని పదేళ్ళుగా చూసుకుంటున్నదాన్ని.’ అది తెలుగులో చెప్పాక టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆసుపత్రి నుంచి ఒక పత్రం కావాలి. ఈమె పర్మనెంటు ఉద్యోగి, తిరిగొచ్చి పనిలో చేరాలి అని. పెద్దాయన చిత్తుప్రతి తనే రాశాడు. ‘ఈమె లేనిదే ఈ ఆసుపత్రిలో రోగులు వట్టి పరుపుల మీద పడుకోవలసి వచ్చును’ అని. సూపరింటెండెంటు ఆ వాక్యం కొట్టేసి, రెండు పొడిముక్కలు రాసి సంతకం పెట్టాడు. తన వాక్యం పోయినందుకు పెద్దాయన రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

ఇక మిగిలింది, ఇక్కడ ఎవరున్నారు అన్న ప్రశ్న.

ఆ ఆదివారం పొద్దున ఆమె ఇంటిముందు స్కూటరు ఆగింది. మరిది. చేతిలో ఒక ఫైలు. పదేళ్ళలో జుట్టు సగం నెరిసింది. వేళ్ళ సందుల్లో టైర్ల నలుపు. గుమ్మం దాటి లోపలికి రాకుండా అన్నాడు.

“మీ స్టోరు ఆయన షాపుకొచ్చి చెప్పాడు. ఎవరూ లేరని చెప్పావటగా వాళ్ళతో.”

ఆమె ఒక కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసింది.

“మరిది ఉన్నాడని చెప్పలేకపోయావా?”

“పదేళ్ళుగా మాట్లాడని మనిషిని ఉన్నాడని ఎలా చెప్పను?”

 అతను ఫైలును ఆ కుర్చీ మీద పెట్టాడు. “షాపు కాగితాలు, ఇంటి పన్ను రసీదు. మనమంతా ఒకే కుటుంబమని వార్డు ఆఫీసు నుంచి సర్టిఫికెట్టు. నా పేరు రాయి ఆ గడిలో. ఈసారి ఫీజు నేను కడతాను. కాదనొద్దు. ఆయన నాకూ అన్నయ్యే.”

“కూచో. కాఫీ పెడతాను.”

“ఇంకోసారి,” అని వెళ్ళిపోయాడు. స్కూటరు స్టార్టు చెయ్యడానికి నాలుగుసార్లు తన్నాల్సొచ్చింది. ఆ నాలుగుసార్లూ ఆమె గుమ్మంలోనే నిలబడి చూసింది.

ఈసారి కాగితాలు నెగ్గాయి. నెగ్గడానికే ఐదో నెల నిండిపోయింది. ఆ దేశంవాళ్ళ పద్ధతిలో ముందు కాగితాలు, అవి సరేననుకుంటే వేలిముద్రలకు పిలుపు. మొదటిసారి వ్యవహారం వేళ్ళదాకా రానేలేదు. పిలుపు రాగానే ఆమె మళ్ళీ ఏడు గంటలు రైల్లో కూచొని వెళ్ళింది. ఇంక గండం గడిచిందనుకుంది.

గాజుపలక మీద నాలుగువేళ్ళు ఆనించమన్నారు. ఎర్రదీపం వెలిగింది. తుడిచి మళ్ళీ పెట్టమన్నారు. ఎర్రదీపం. ఎడమచేయి పెట్టినా ఎర్రదీపమే. మిషను దగ్గర కూచున్న అమ్మాయి తన చేత్తో ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకొని నొక్కి చూసింది.

“మీరేం పని చేస్తారాంటీ?”

“కుట్టుపని తల్లీ.”

“గీతలు లేవు. మిషను తీసుకోవడం లేదు.”

“గీతలు లేకపోవడమేంటి? ఇవి నా వేళ్ళే.”

“మీవేననుకోండి. మిషనుకు తెలియాలిగా.” ఆ అమ్మాయి లోపలికెళ్ళి అడిగొచ్చింది. “పదిహేను రోజులు సూది పట్టకుండా ఉండి రండి. చర్మం కాస్త కోలుకుంటుంది. అప్పుడు చూద్దాం.”

“పదిహేను రోజులు లేవమ్మా నాకు,” అంది దారమక్క. గోడమీది క్యాలెండరు వైపు చూపించింది. సమాధి తవ్వే తేదీ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. ఆ అమ్మాయి పాపం మంచిదే. కానీ ఆమె చేతిలో ఉన్నది ఆ మిషనొక్కటే.

ఆ పదిహేను రోజులూ కుట్టుగదిలో ఎవరూ ఆమెను సూది ముట్టనివ్వలేదు. పెద్దాయన ఆమె మిషనుకు కవరు తొడిగి, సూదుల డబ్బా తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. నర్సులు వచ్చి గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టించి క్రీము రాసేవాళ్ళు. “పెళ్ళికూతురి భోగం పట్టింది దారమక్కకు,” అని నవ్వించబోయారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత మడతలు పెట్టే పనిలో కూచుంది. దుప్పట్లు మడతపెడుతూ, ఎక్కడైనా కుట్టు ఊడి కనబడితే తనకు తెలియకుండానే చెయ్యి సూదికోసం వెతుక్కునేది.

తవ్వే రోజు రానే వచ్చింది. అక్కడ పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడతారని గుమాస్తా రాసింది. టీచరమ్మ లెక్కగట్టి, మనకు మధ్యాహ్నం అవుతుందని చెప్పింది. ఆ వేళకు కుట్టుగదిలో మిగతా ముగ్గురూ మిషన్లు ఆపేశారు. ఎవరూ ఆపమని చెప్పలేదు. ఉతుకు మిషన్ల హోరు మాత్రం గోడ అవతల నుంచి వస్తూ ఉంది. దారమక్క చేతులు ఒళ్ళో పెట్టుకొని కూచుంది. ఎలా తవ్వుతున్నారో, ఎంతమంది ఉన్నారో, అక్కడ వాన పడుతోందో ఎండ కాస్తోందో ఆమెకు ఏదీ తెలియదు. ఆయనకు చలి పడదు. ఉత్తరాల్లో ఎప్పుడూ అదే గోల, ఇక్కడి చలి ఎముకల్లోకి పోతోందని.

సాయంత్రానికి టీచరమ్మ ఫోనుకు కబురొచ్చింది. జాగ్రత్తగా తీశాం, పెట్టెలో పెట్టి నంబరు రాశాం, ముప్పై రోజులు నా గదిలోనే ఉంటుంది, రండి.

మూడు రోజుల తర్వాత ఆమె మళ్ళీ గాజుపలక ముందు నిలబడింది. పదివేళ్ళలో ఎనిమిదింటికి పచ్చదీపం వెలిగింది. చాలన్నారు.

అక్కణ్ణించి ఎదురుచూపులు. రోజూ మధ్యాహ్నం భోజనం వేళకు ఏజెంటుకు ఫోన్ చేసేది. అతను కంప్యూటరు చూసి, “పరిశీలనలో ఉందమ్మా,” అనేవాడు. పదో రోజూ అదే మాట, ఇరవయ్యో రోజూ అదే మాట. అర్జంటు అని ఉత్తరం రాయించింది. అందినట్టు జవాబొచ్చింది. తర్వాత ఏమీ లేదు. మరిది రోజూ షాపు కట్టేసి వచ్చేవాడు. గుమ్మంలో కుర్చీ మీద కూచొని, “వచ్చిందా?” అని, “లేదు” అనిపించుకొని, కాఫీ తాగి వెళ్ళేవాడు.

ముప్పయ్యో రోజు గడిచింది. గుమాస్తా పై అధికారిని బతిమాలి ఇంకో మూడు రోజులు పొడిగించిందట. ఆ మూడూ గడిచాయి. ఆవిడ చెయ్యగలిగింది అంతే.

ముప్పై ఆరో రోజున పాస్‌పోర్టు వచ్చింది. పదకొండో పేజీలో రంగురంగుల కాగితం అంటించి ఉంది. పక్కన నవ్వని మొహం. పదిహేను రోజులు, ఒక్కసారి ప్రవేశం.

కుట్టుగదిలో అందరూ చుట్టూ మూగారు. ఎవరికీ ‘అభినందనలు’ అనడానికి నోరు రాలేదు. పెద్దాయన వేలితో ఆ కాగితాన్ని మెల్లగా తడిమాడు.

“ఇప్పుడు వెళ్ళి ఏం చేస్తావమ్మా?” అంది టీచరమ్మ ఆ సాయంత్రం. “పెట్టె లేదు. టిక్కెట్టు డబ్బయినా మిగుల్చుకో.”

“ఆయన అక్కడే ఉన్నారుగా టీచరుగారూ. గది మారారు. అంతే.”

వెళ్ళింది. రెండు విమానాలు మారి వెళ్ళింది. సరిహద్దు దగ్గర అధికారి ఎందుకొచ్చావన్నట్టు చూస్తే, గుమాస్తా రాసిన ఉత్తరం అద్దం కిందినుంచి తోసింది. అతను చదివాడు. ఆమె మొహం చూశాడు. ఇంకేమీ అడక్కుండా ముద్ర వేసి, పాస్‌పోర్టు రెండు చేతులతో ఇచ్చాడు. ఇన్ని నెలల్లో ఆమె చూసిన అతి చిన్న పరీక్ష అదే.

శ్మశానం సముద్రానికి దగ్గర్లో, ఒక ఏటవాలు మీద ఉంది. దూరంగా ఓడల యార్డు క్రేన్లు కనిపిస్తున్నాయి. గుమాస్తా నిజంగానే పెద్దావిడ. వానకోటు వేసుకొని, నడుముకు తాళాల గుత్తితో గేటు దగ్గరే నిలబడి ఉంది. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. ఆవిడ దారమక్క చేతులు రెండూ పట్టుకొని తన భాషలో ఏదో చాలాసేపు చెప్పింది. తప్పు తనది కాకపోయినా క్షమించమంటోందని ఆ గొంతులోనే తెలిసింది.

పద్నాలుగో వరుస చూపించింది. మట్టి తిరగేసి, చదును చేసి, గడ్డివిత్తనాలు చల్లారు. అప్పుడప్పుడే పచ్చగా వెంట్రుకల్లా మొలకలొస్తున్నాయి. వరుస మొదట్లో కొత్తగా ఒక గొయ్యి తవ్వి, చెక్కలు కప్పి ఉంది. ఇంకెవరి కోసమో. అక్కణ్ణించి కిందికి నడిచి, ఒక రాతి అరుగు దగ్గర ఆగారు. మధ్యలో ఇనుప మూత. దాని కిందే నేలమాళిగ. పేర్లు లేవు. ఏ సంవత్సరం, ఏ వరుస అనేవి మాత్రం చెక్కి ఉన్నాయి. పద్నాలుగు అన్న అంకె రాతిలో ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది.

ఏ పక్కన అని దారమక్క చేత్తో అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తర్వాత తన ఆఫీసు రిజిస్టరు తెచ్చి, అరవై రెండు దగ్గర వేలు పెట్టి చూపించింది. పేరు, తేదీ, పక్కన ఆవిడ సంతకం. ఆయన పేరు ఆ పరాయి అక్షరాల్లో ఎలా ఉంటుందో దారమక్క అప్పుడే చూసింది.

ఆవిడ దూరంగా వెళ్ళి నిలబడ్డాక, దారమక్క ఆ అరుగు అంచున కూచుంది. రాయి చల్లగా ఉంది.

“వచ్చాను,” అంది. “కాస్త ఆలస్యమైంది.”

అరుగు అంచును చేత్తో తడిమి మళ్ళీ అంది. “ఆ రోజు మధ్యాహ్నం దాకానే టైమిచ్చారు. అందరినీ అడిగాను. నిన్ను ఒద్దనుకొని కాదు సంతకం పెట్టింది.”

అక్కడ ఉన్న మూడు రోజులూ పొద్దున వెళ్ళి, గేటు మూసేదాకా కూచుంది. పదేళ్ళ కబుర్లు ఉన్నాయి చెప్పడానికి. మరిది టైర్ల షాపు, తన మోకాలి నొప్పి, సొంత గది కట్టలేదన్న సంగతి. మూడో రోజు గుమాస్తా ఆఫీసులోంచి ఒక కుర్చీ మోసుకొచ్చి వేసి, ఒక కప్పు వేడిపాలు చేతికిచ్చి, పక్కనే నిలబడింది. వెళ్ళేముందు దారమక్క ఆ అరుగు మీది ఎండుటాకుల్ని చేత్తో ఊడ్చింది. అంతకుమించి అక్కడ ఆమె చెయ్యగలిగిన పని ఏదీ లేదు.

వెనక్కొచ్చిన రోజున విమానాశ్రయం బయట మరిది నిలబడి ఉన్నాడు. టైర్లు మోసే చిన్న వ్యాను తెచ్చాడు. వెనక భాగం శుభ్రంగా కడిగించాడు, సీటుకు కొత్త కవరు వేయించాడు. పెట్టె లేదని అతనికి తెలుసు. అయినా మొదట ఆమె చేతుల వైపే చూశాడు.

వ్యాను ఊరి బయటికి వచ్చింది.

“చోటు ఎలా ఉంది?” అన్నాడు మరిది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

“శుభ్రంగా ఉంది. సముద్రం వినబడుతుంది. ఆయన పనిచేసిన యార్డు కూడా కనబడుతుంది.”

“ఎంతమందిని కలిపేశారట?”

“ఆ వరుసలో ఎవరూ రానివాళ్ళు ముప్పైమందికి పైనే.”

అతను గేరు మార్చాడు. ఇంకాస్త దూరం పోయాక అన్నాడు. “పదేళ్ళుగా నీకొక మాట చెప్పాలి వదినా. నోరు రాలేదు. ఆ రోజు నేను ఊళ్ళో ఉన్నా అంత డబ్బు తెచ్చేవాణ్ణి కాదు. నా దగ్గర ఏముందప్పుడు? నేనూ అదే సంతకం పెట్టేవాణ్ణి. ఆ సంగతి నీ గుమ్మంలో నిలబడిన ఆ మూడో రోజునే నాకు తెలుసు. నిన్ను అనేస్తే నా బరువు తగ్గుతుందనుకున్నాను.”

దారమక్క కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. ఉత్తరం వచ్చిన రోజూ, వీసా తిరగ్గొట్టిన రోజూ, తవ్విన రోజూ, చివరికి ఆ రాతి అరుగు మీద కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

“బండి కాసేపు పక్కకు ఆపు,” అంది.

అతను ఆపాడు. ఇంజను కట్టేసి, తలుపు తీసుకొని దిగి, రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. లారీలు ఒకదాని వెంట ఒకటి పోతూ ఉన్నాయి. ఆమె ఏడుపు ఆగేదాకా అతను వెనక్కి తిరగలేదు. తన మొహం కూడా ఆమెకు కనబడనివ్వలేదు.